కాన్ఫరెన్స్ హాల్లో హంస

మా వృత్తిలో ఒక న్యాయసూత్రం ఉంది. ఎకో ఎవరికి వినిపిస్తుందో వాళ్లు నిర్దోషులు. తప్పు అవతలి గదిది.

హైదరాబాదులో కూర్చుని మీరు ఫోన్లో "నమస్కారం" అన్నారనుకోండి. కాసేపటికి అదే నమస్కారం, మీ గొంతుతోనే, మీ చెవికి తిరిగొచ్చింది. అంటే ఏమైనట్టు? ముంబైలో మీ మాట స్పీకర్లోంచి బయటికొచ్చి, అక్కడి బల్లమీది మైకులో దూరి, వెళ్లిన దారినే వెనక్కొచ్చిందన్నమాట. ముంబైవాళ్లకి మాత్రం అంతా శుభ్రంగా వినిపిస్తూ ఉంటుంది. అందుకని వాళ్లు తాపీగా "మా దగ్గర ఏమీ లేదండీ, మీ దగ్గరే ఏదో ఉంది, ఒకసారి చూపించుకోండి" అంటారు. పాపం, అబద్ధమాడటం లేదు. వాళ్లకి నిజంగానే ఏమీ వినపడదు. రోగం ముంబైలో, నొప్పి హైదరాబాదులో. చీవాట్లు మాత్రం నొప్పి ఉన్నచోట దొరికే టెక్నీషియన్‌కి. ఆ టెక్నీషియన్ని నేను.

కాన్ఫరెన్స్ హాళ్లకి మైకులూ స్పీకర్లూ బిగించడం నా బతుకుతెరువు. అందులో నా వంతుకొచ్చిన విద్య ఆ హాలుని టెలిఫోన్ లైనుతో కలపడం. బల్ల చుట్టూ కూర్చున్న ఇరవైమంది మాటలూ లైన్లో ఉన్న పెద్దమనిషికి వినపడాలి. ఆయన మాట సీలింగు స్పీకర్లలోంచి ఇరవైమందికీ వినపడాలి. "ఇంతేనా? దీనికి ఒక స్పీకర్ ఫోను బల్లమీద పడేస్తే చాలదూ?" అని కొటేషన్ చూసిన ప్రతిచోటా ఎవరో ఒకరు అంటారు. అనేవారు సాధారణంగా అకౌంట్స్ విభాగంవారై ఉంటారు. నలుగురు కూర్చునే గదికైతే నిజంగానే చాలు. 1992లో పాలికామ్ వాళ్లు సౌండ్‌స్టేషన్ అని మూడు కాళ్ల ఫోను ఒకటి తెచ్చారు. చిన్న మీటింగు గదులు ఎన్నో దాంతోనే గట్టెక్కాయి. కానీ ముప్ఫై అడుగుల బల్లకి ఆ చివర కూర్చున్న రీజినల్ మేనేజరు దాంట్లోకి మాట్లాడాలంటే లేచి, బల్లమీదికి వంగి, టైని టీ కప్పులో ముంచాలి.

అసలు చిక్కంతా టెలిఫోన్ లైనుతోనే. మా సౌండు సామాను క్రమశిక్షణ కలది. మైకు నుంచి మాట మిక్సర్‌కి పోతుంది, మిక్సర్ నుంచి ఆంప్లిఫయర్‌కి, అక్కణ్ణుంచి స్పీకర్‌కి. వెనక్కి రాదు. టెలిఫోన్ లైన్లో ఉన్నవి రెండే రాగి తీగలు. ఒకటి వెళ్లే మాటకీ ఇంకోటి వచ్చే మాటకీ అనుకుంటారు చాలామంది. కాదు. పోయేదీ వచ్చేదీ ఆ జత మీదే, ఒకే సమయంలో, కలగలిసి నడుస్తాయి. ఇంటింటికీ రాగి లాగాల్సిన రోజుల్లో పొదుపుకోసం చేసుకున్న ఏర్పాటది. ఆ పొదుపు చేసినవాళ్లు వెళ్లిపోయారు, విడదీసే పని మాకు మిగిలింది.

ఆ కలగాపులగంలోంచి అవతలివాడి మాటని మాత్రం ఏరి స్పీకర్లకిచ్చి, మన మాట అందులో కలవకుండా చూసే పెట్టె పేరు హైబ్రిడ్. పాలూ నీళ్లూ కలిపి పోస్తే పాలు మాత్రం తాగే హంస మన కావ్యాల్లో ఉంది కదా, దానికి రెండు స్క్రూలు బిగించి ర్యాకులో పెడితే ఇది. కావ్యంలో హంసకి ఏ చెరువు నీళ్లయినా ఒకటే. మా హంసకి మాత్రం ప్రతి లైనునీ విడిగా అలవాటు చెయ్యాలి. లైను ఇంపిడెన్స్ 600 ఓమ్‌లు అని పుస్తకంలో రాసి ఉంటుంది. నేను చూసిన లైన్లలో ఏదీ ఆ పుస్తకం చదివినట్టు లేదు. ఎక్స్ఛేంజి ఎంత దూరం, మధ్యలో ఎన్ని అతుకులు, నిన్న వాన పడిందా, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. పెట్టె తన కడుపులో ఒక నకలు లైను తయారు చేసుకుంటుంది. ఆ నకలు అసలుకి ఎంత దగ్గరగా ఉంటే పాలు అంత చిక్కన. అందుకోసం కొన్ని పెట్టెలు కాల్ కలవగానే "ష్" అని ఒక్క క్షణం హోరు వదిలి లైను తత్త్వం కనుక్కుంటాయి. ఆ చప్పుడు విన్న ప్రతి జనరల్ మేనేజరుగారూ "ఏదో లీకవుతోంది, చూడండి" అన్నవారే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. మామూలు టెలిఫోన్లో మన గొంతు మన చెవికి బొత్తిగా రాకుండా చెయ్యడానికి ఇంజనీర్లు పూనుకోలేదు. కావాలనే కొంచెం వదిలారు. దాన్ని సైడ్‌టోన్ అంటారు. తన గొంతు తనకి కాస్తయినా వినపడకపోతే మనిషి లైను చచ్చిందనుకుంటాడు. తక్కువగా వినపడితే అరుస్తాడు, ఎక్కువైతే గొణుగుతాడు. మా పెద్దనాన్నగారు ట్రంకు కాల్ బుక్ చేసి పూటంతా కాచుక్కూర్చున్న కాలంవారు. మనదేశంలో నేరుగా నంబరు తిప్పే ఎస్టీడీ 1960లోనే లక్నో, కాన్పూర్ల మధ్య మొదలైందిగానీ, అది మా తాలూకాకి రావడానికి ఒక తరం పట్టింది. ఆయన రిసీవర్ ఎత్తితే వీధి అరుగుల మీదివాళ్లు కబుర్లు ఆపి కూర్చునేవారు, ఎలాగూ వినపడవు కనక. లైన్లు బాగుపడ్డాక కూడా ఆయన గొంతు తగ్గించలేదు. "లైను మారితే మారిందిగానీ మద్రాసు దగ్గరికి జరగలేదు కదరా" అనేవారు.

సరే, పెట్టె కొన్నారు. ఇక దానికో లైను కావాలి.

"లైన్ రెడీగా ఉందండీ" అంటారు అడ్మిన్ మేడమ్. ఈ మాట విని నిచ్చెన ఎక్కకూడదు. గోడలోంచి వేలాడుతున్న తీగకి మీటరు పెట్టి చూస్తే అది ఆఫీసు సొంత ఎక్స్ఛేంజి అయిన ఈపీఏబీఎక్స్‌వారి డిజిటల్ ఎక్స్‌టెన్షన్. దానికి ఆ కంపెనీవాళ్ల బటన్ల ఫోను తప్ప ఇంకేది తగిలించినా పలకదు.

"ఇది డిజిటల్ మేడమ్. మాకు అనలాగ్ కావాలి."

"డిజిటల్ అంటే ఇంకా మంచిదే కదండీ?"

"మంచిదేనండీ. కానీ మాకు పాత రకం కావాలి."

"ఇంత ఖర్చు పెట్టించి చివరికి పాతది అడుగుతారేమిటండీ!"

దీనికి సమాధానం నా సర్వీసులో ఇంతవరకు తయారు కాలేదు. చివరికి ఈపీఏబీఎక్స్ గదికి పంపుతారు. ప్రతి ఆఫీసులోనూ అది మెట్ల కింద ఉంటుంది. పాత ఫైళ్లు, కాలు విరిగిన కుర్చీ, గత వినాయక చవితి తాలూకు అలంకరణ సామాను దాటుకుని లోపలికెళ్తే గోడమీద తీగల జతలు కలిపే క్రోన్ మాడ్యూళ్లు వరసగా ఉంటాయి. వాటిమీద లేబుళ్లు ఉంటాయి, లేవని కాదు. కాకపోతే ఆ పేర్లున్నవాళ్లు రిటైరయ్యారు. అక్కడ మెయింటెనెన్స్ చూసే పెద్దాయన్ని ఏ జత ఖాళీగా ఉందని అడిగితే ఆయన చాలాసేపు వాటిని తేరిపారజూసి చెప్పాడు: "గీ జత ముట్టకు సార్. గిది తీస్తే చైర్మన్ సార్ ఇంట్ల ఫోన్ బందైతది. ఎందుకైతదో నాకెర్క లేదు. నేనొచ్చేటాల్లకే గట్లున్నది."

తీగ పట్టుకునే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. ఖాళీగా ఉన్న లైను మీద 48 వోల్టుల డీసీ ఉంటుంది. పొడి చేతులకి అది తెలియను కూడా తెలియదు. రింగు వచ్చేటప్పుడు మాత్రం దానిమీద 75 వోల్టుల చుట్టుపక్కల ఏసీ వస్తుంది. అది బాగా తెలుస్తుంది. మా అసిస్టెంటు కుర్రాడు రెండు కొనలూ వేళ్లతో మెలిపెడుతున్న శుభసమయంలో, లైను పనిచేస్తోందో లేదో కనుక్కుందామని మేడమ్ తమ సీట్లోంచి ఆ నంబరుకి ఫోన్ చేశారు. మెట్ల కింద కుర్రాడు పెట్టిన కేక మూడో అంతస్తులో కాన్ఫరెన్స్ హాలు దాకా వినిపించింది. "రింగవుతోంది మేడమ్" అని నేను రిపోర్టు చేశాను.

లైను దొరికాక అసలు శత్రువు ఎదురవుతాడు. ఆయన ఇంటీరియర్ డిజైనరు.

మూడు పక్కలా అద్దం గోడలు. నేల గ్రానైటు. బల్ల మీద ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఇంత నున్నటి గదిలో ఎవరైనా ఒక్క దగ్గు దగ్గితే అది గోడగోడకీ వెళ్లి పరామర్శలు అందుకుని గానీ ఊరుకోదు. శబ్దం మిల్లీసెకనుకి సుమారు ఒక అడుగు చొప్పున నడుస్తుంది. సీలింగు స్పీకర్లోంచి వచ్చిన ముంబై మాట నేరుగా మైకుకి ఒకసారి, బల్లకి తగిలి ఒకసారి, అద్దానికి తగిలి ఒకసారి, ఎదుటి అద్దానికి తగిలి మరోసారి చేరుతుంది.

"కర్టెన్లు వేయిద్దామండీ."

"నో నో. లుక్ పోతుంది."

"పోనీ కార్పెట్?"

"టీ ఒలుకుతుంది."

"సీలింగుకైనా మెత్తటి పలకలు..."

"సర్, మీరు సౌండు చూసుకోండి, రూమ్ నేను చూసుకుంటాను" అన్నారాయన. సౌండు రూములో కాక ఇంకెక్కడ ఉంటుందో ఆయన చెప్పలేదు. ఎయిర్ కండిషనర్ జాలీకి సరిగ్గా కిందనే చైర్మన్‌గారి మైకు రావాలని కూడా ఆయనే నిర్ణయించారు. అక్కడైతే సిమెట్రీ కుదురుతుందట.

ఇలాంటి గదుల్లో మనల్ని కాపాడేది ఎకో కాన్సెలర్. దాని పుట్టుక ఆకాశంలో ఉంది. 1960లలో ఉపగ్రహాల మీదుగా ఫోన్ కాల్సు మొదలయ్యాయి. 36 వేల కిలోమీటర్లు పైకీ, మళ్లీ అంతే కిందికీ ప్రయాణించిన మాట, అవతలి హైబ్రిడ్ దగ్గర కొంచెం జారి వెనక్కొచ్చేసరికి అర సెకను దాటుతుంది. అంత ఆలస్యంగా వచ్చే సొంతగొంతుతో ఎవరూ మాట్లాడలేరు. అప్పటిదాకా ఉన్న వైద్యం ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి దారి మూసెయ్యడం. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌వాళ్లు వేరే దారి వెతికారు. వాళ్లలో జాన్ కెల్లీతోపాటు, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి వెళ్లిన మన్ మోహన్ సోంధీ ఉన్నారు. ఎకో ఎలా ఉండబోతుందో ముందే అంచనా కట్టి, వచ్చినదాంట్లోంచి ఆ అంచనాని తీసెయ్యాలి. తప్పిన కొద్దీ అంచనాని దానంతటదే సరిదిద్దుకోవాలి. సోంధీ గారి వ్యాసం 1967లో వచ్చింది. ఇవాళ మీ జేబులో ఫోను స్పీకర్లో పెట్టినా ఎకో రావడం లేదంటే ఆ వంశంవాళ్ల పుణ్యమే. హాల్లో పెట్టెకూడా అదే చేస్తుంది. స్పీకర్‌కి ఏం పంపిందో దానికి తెలుసు, ఈ గది దాన్ని ఎలా నలిపి మైకుకి అందిస్తుందో నేర్చుకుంటుంది, నేర్చుకున్నంత మేరా తీసేస్తుంది. ఎవరైనా తలుపు తెరిస్తే మళ్లీ మొదటినుంచి నేర్చుకుంటుంది. అంత ఓర్పు నాకు తెలిసిన ఏ విద్యార్థికీ లేదు.

దాని ఓర్పుకి హద్దు మా క్లయింటుగారి చేతిలో ఉన్న రిమోటు. "కాస్త పెంచండి" అంటారాయన. పెంచుతాం. "ఇంకాస్త." పెంచుతాం. సీలింగు పలకలు వణికే దశ దాటాక స్పీకర్ గొంతు చిరుగుతుంది. చిరిగిన గొంతు తను పంపిన గొంతు కాదు కాబట్టి పెట్టె దాన్ని గుర్తుపట్టదు. ఎకో బయల్దేరుతుంది. అది వినిపించేది ముంబైకి. మొదట చెప్పిన సూత్రం ప్రకారం ముంబై నిర్దోషి. అక్కడ ఇంకో టెక్నీషియన్‌కి చీవాట్లు పడుతుంటాయి. ఆయన ముఖం నేనెన్నడూ చూడలేదు. మేమిద్దరం ఒకరి పాపాలు ఒకరు మోసుకుంటూ ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాం.

ఇన్ని లక్షలు పోసి కొన్న స్పీకర్లలోంచి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుందేం అని కూడా అడుగుతారు. టెలిఫోన్ లైను మోసేది 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల వరకే. కిందిదీ పైదీ దారిలోనే దిగిపోతాయి. స్పీకర్ లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చిపెడుతుంది? ఈ సంగతి నేను కొటేషన్లోనే రాస్తాను. కొటేషన్లో చివరి అంకె తప్ప ఇంకేదైనా చదివిన మనిషి ఇంకా తారసపడలేదు.

టీవీల్లో ఫోన్-ఇన్ కార్యక్రమాలు చూసినవాళ్లకి ఈ శాస్త్రం సగం వచ్చినట్టే. "అమ్మా, మీ టీవీ వాల్యూమ్ తగ్గించి మాట్లాడండమ్మా" అని యాంకరమ్మ బతిమాలుతూ ఉంటుంది. అవతల ఆవిడ "ఆఁ, తగ్గిస్తున్నానండీ" అంటుంది, తగ్గించదు. ఎలా తగ్గిస్తుంది? టీవీలో తన గొంతు వినడానికే కదా పొద్దుటినుంచి నంబరు కొడుతోంది! స్టూడియోలో మావాళ్లు ఆవిడకి పంపే ధ్వనిలోంచి ఆవిడ గొంతుని తీసి పంపుతారు. మిక్స్ మైనస్ అంటాం. అందరి మాటలూ అందరికీ, ఎవరి మాట వారికి తప్ప. ఇంత కష్టపడి తీసి పంపితే, ఆవిడ హాల్లో టీవీ దాన్ని మళ్లీ తెచ్చి ఒళ్లో పెడుతుంది.

కాన్ఫరెన్స్ హాల్లోనూ ఇదే పద్ధతి. ఒకచోట చైర్మన్‌గారు ఊరినుంచి ఫోన్లో అరగంట ప్రసంగించి, చివర్లో కంప్లయింటు ఇచ్చారు: "అంతా బాగుందయ్యా, కానీ నా మాట నాకు వినపడలేదు." అలా వినపడకుండా చెయ్యడానికే డబ్బు తీసుకున్నామని ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికుంది? కంప్లయింటుని మెచ్చుకోలుగా నమోదు చేసుకున్నాను. నిజానికి ఆయనది మనుషులందరి కోరికే. మీటింగుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వినడానికి వచ్చేది తమ గొంతునే. దాన్నొక్కదాన్నీ మినహాయించి మిగతాదంతా వినిపించే యంత్రాన్ని అమ్ముకు బతుకుతున్నాను కాబట్టి నా వ్యాపారం ఇలా ఉంది.

ఇందులో ఒక ప్రమాదకరమైన రహస్యం కూడా ఉంది. మన మాట మన చెవికి సుమారు ఐదోవంతు సెకను ఆలస్యంగా వినిపిస్తే నాలుక తడబడుతుంది, అక్షరాలు రెండేసిసార్లు వస్తాయి, వాక్యం మధ్యలో చతికిలబడుతుంది. 1950లోనే బెర్నార్డ్ లీ అనే అమెరికన్ దీనిమీద రాశారు. ఎంత వాగ్ధాటి ఉన్నవారికైనా దీన్నుంచి తప్పించుకోవడం కష్టం. అంటే మీటింగు ఎంతసేపు సాగాలో తేల్చే గుబ్బ ఒకటి మా ర్యాకులో ఉంది. నేను ముట్టుకోను. వృత్తిధర్మం అడ్డొస్తుంది. సాయంత్రం ఆరున్నర దాటాక లేచి "రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అనేవారు ఎదురైనప్పుడు మాత్రం ఆ గుబ్బవైపు చూస్తాను. చూడకూడదని ధర్మం చెప్పలేదు.

బిగించడం ఒక ఎత్తు, వాడించడం ఒక ఎత్తు. ట్రైనింగుకి అందరూ రావాలని సర్క్యులర్ వెళ్తుంది. అందరూ తమకన్నా కిందివారిని పంపుతారు. వారు తమకన్నా కిందివారిని పంపుతారు. ఈ క్రమంలో నా ముందు వచ్చి కూర్చునేది టీలు ఇచ్చే అటెండరు. ఇది కంపెనీ అదృష్టం. ఆయనకున్న గ్రహింపు పైన ఎవరికీ లేదు. సెక్రటరీలు లామినేట్ చేయించిన నాలుగు పేజీల ఇంగ్లీషు సూచనలు గోడకి వేలాడుతూ ఉంటే, ఆయన అగ్గిపెట్టెంత చీటీ రాసుకుని జేబులో పెట్టుకున్నాడు: "ముందు సున్నా. తర్వాత పెద్ద నంబరు. ఆడమనిషి ఇంగ్లీషులో మాట్లాడుద్ది. ఆమె ఆపినాక పిన్ను. తర్వాత ముగ్గు." ముగ్గంటే హాష్ గుర్తు. ఎండీగారు మూడుసార్లు ముగ్గు మర్చిపోయి ఆ ఆడమనిషితో చీవాట్లు తిన్నాక, టచ్ ప్యానెల్ దగ్గర ఆయన్నే నిలబెట్టారు. అంకెలు కొట్టేటప్పుడు మాత్రం ఆయన చెయ్యెత్తి హాలంతటినీ నిశ్శబ్దంగా ఉండమంటాడు. అది అధికారదర్పం కాదు, ఇంజనీరింగే. ఒక్కో బటనూ రెండు స్వరాలు కలిపి పలుకుతుంది. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్‌లు. మధ్యలో మైకుల్లోంచి మార్కెటింగువాళ్ల నవ్వు కలిస్తే అవతలి యంత్రం ఏ అంకె విన్నదో దానికే తెలియదు. జనరల్ మేనేజర్ల నోళ్లు మూయించే అవకాశం దొరికాక ఆయన ప్రమోషన్ కూడా వద్దన్నాడని చెప్పుకున్నారు.

తర్వాత ఎర్రదీపం గొడవ. బల్లమీద మెడ వంచుకుని ఉండే మైకులకి చుట్టూ ఎర్రటి వెలుగు వస్తే మైకు పనిచేస్తోందని అర్థం. పాత సభల సంప్రదాయం. కాన్ఫరెన్స్ ఫోన్లలో ఎర్రదీపం వెలిగితే మ్యూట్ అయిందని అర్థం. టెలిఫోన్‌వారి సంప్రదాయం. మా హాల్లో రెండు సంప్రదాయాలూ పక్కపక్కన ఉంటాయి. పైగా మనవాళ్లందరూ ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర పెరిగినవారు. ఎర్రదీపం చూసి ఆగిపోయినవాళ్ల మైకులోంచి బిస్కెట్లు నమిలే చప్పుడు ముంబై చేరుతుంది. పచ్చదీపం చూసి దంచి మాట్లాడినవాళ్ల ప్రజెంటేషను ఈ గది దాటదు. ఒక ఫైనాన్స్ ఆఫీసరుగారు త్రైమాసిక నివేదిక మొత్తం మ్యూట్‌లో చదివారు. అవతల ఎవరూ ఒక్క ప్రశ్నా అడగలేదని ఆయన సంతోషంగా ఇంటికెళ్లారు. ఆ నివేదిక ఆమోదం పొందింది కూడా.

బల్లమీద పెట్టుకున్న సెల్‌ఫోన్లు చేసే "డిర్ డిర్ డిర్ర్" గురించి చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. జీఎస్ఎం ఫోను సెకనుకి 217 సార్లు టవర్‌తో గుసగుసలాడుతుంది, అది మైకు తీగలో పడి హాలంతా పలుకుతుంది. ఫోన్లు పక్కన పెట్టండని చెబితే అందరూ మైకు పక్కనే పెడతారు.

ఇక హోల్డ్. పన్నెండు బ్రాంచీలు లైన్లో ఉన్నాయి. ఎండీగారు గంభీరమైన విషయం మొదలుపెట్టారు. కర్నూలు మేనేజరుకి ఇంకో కాల్ వచ్చింది, "ఒక్క నిమిషం" అని దీన్ని హోల్డ్‌లో పెట్టి అటు వెళ్లారు. వారి బ్రాంచి ఈపీఏబీఎక్స్ తన ధర్మం ప్రకారం ఖాళీ దొరగ్గానే సంగీతం మొదలుపెట్టింది. ఒక్కవేలితో వాయించిన కీబోర్డు మోత, విశాఖపట్నం నుంచి వరంగల్ దాకా, సీలింగులోంచి. దాన్ని ఆపగలిగిన మనిషి ఒక్కరే, ఆయనకి మాత్రం అది వినపడదు. మళ్లీ అదే న్యాయసూత్రం. "కర్నూలు, కర్నూలు" అని అందరూ పిలుస్తున్నారు. ఎండీగారు ఆ వాద్యానికి తలూపుతూనే సేల్స్ పడిపోవడం గురించి మాట్లాడారు. తాళం తప్పలేదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ మీటింగులొచ్చాయి కదా, ఈ పెట్టెలకి కాలం చెల్లిందనేవారున్నారు. 2020 తర్వాత "మీరు మ్యూట్‌లో ఉన్నారు" అన్న మాట అంగన్‌వాడీ పిల్లలకీ వచ్చింది. రాగి లైన్లు పోయి చాలాచోట్ల ఫోను కూడా నెట్ తీగమీదే వస్తోంది. అయినా పెద్ద హాళ్లలో ర్యాకు అడుగున టెలిఫోన్ ఇంటర్‌ఫేస్ ఇంకా కూర్చునే ఉంది. బోర్డు మీటింగు రోజున రోడ్డు తవ్వి నెట్ తెగ్గొట్టే వ్యవస్థ మన నగరంలో పటిష్ఠంగా ఉన్నంతకాలం దానికి ఉద్యోగభద్రత ఉంది.

మిగిలింది కాల్ కట్ చెయ్యడం. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. చేత్తో పట్టుకునే ఫోనైతే పెట్టేసిన సంగతి చేతికి తెలుస్తుంది. హాల్లో పట్టుకోవడానికి ఏముంది? "థాంక్యూ సర్, థాంక్యూ" అని నాలుగుసార్లు అంటే లైను దానంతటది తెగుతుందని మనవాళ్ల గట్టి నమ్మకం. తెగదు. అవతలివాళ్లు పెట్టేస్తే ఎక్స్ఛేంజి బిజీ టోన్ వినిపించాలి, దాన్నిబట్టి మన పెట్టె కట్ చెయ్యాలి. అవతలివాళ్లు పెట్టకపోతే ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. ఒకరోజు అటెండరు సెలవు.

ముంబై నుంచి కొత్తగా వచ్చిన డైరెక్టరుగారు గంటసేపు ఇంగ్లీషులో టార్గెట్లు విధించారు. అందరూ థాంక్యూలు చెప్పారు. అటునుంచి నిశ్శబ్దం. సేల్స్ హెడ్‌గారు టై వదులు చేసుకుని, కుర్చీ వెనక్కి వాల్చి, చక్కటి తెలుగులో అందుకున్నారు. "ఏసీ గదిలో కూర్చుని ఎన్నయినా చెప్తాడు. మే నెలలో ఒక్కసారి ఆదిలాబాద్ రమ్మనండి, ఆ ఎండలో నాలుగు షాపులు తిప్పుతాను. అప్పుడు తెలుస్తుంది టార్గెట్ అంటే ఏమిటో." అందరూ నవ్వారు. ఒకరు డైరెక్టరుగారి ఇంగ్లీషుని అనుకరించి చూపించారు. ఇంకా నవ్వారు.

అప్పుడు సీలింగు మాట్లాడింది. నాలుగు మూలలనుంచీ, స్పష్టంగా, ఎకో లేకుండా.

"మే పదో తారీకు తర్వాత వస్తానండీ. టిక్కెట్టు బుక్ చేయించండి."

ఆయనది కాకినాడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

మర్నాడు నాకు ఆ కంపెనీనుంచి అర్జంటు ఆర్డరు వచ్చింది. లైను తెగిందో లేదో హాల్లో ఏ కుర్చీలో కూర్చున్నా కనపడేట్టు నాలుగు గోడలకీ నాలుగు దీపాలు పెట్టాలి. ఏ రంగువి కావాలని అడిగాను. లైను మీద ఉన్నంతసేపూ ఎర్రది వెలగాలని సేల్స్‌వారు అన్నారు. ఎర్రదంటే మ్యూట్ అనుకుంటారు, పచ్చది పెట్టమన్నారు ఐటీవారు. ఎర్రది వెలిగితే జనం మంటలనుకుని మెట్లవైపు పరిగెత్తుతారని సేఫ్టీ ఆఫీసరు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారు. ఏ రంగైనా అద్దంలో ప్రతిఫలిస్తుంది కనక లుక్ పోతుందని ఇంటీరియర్ డిజైనరు అన్నారు. విషయం ముంబై దాకా వెళ్లింది. దానిమీద టెలీకాన్ఫరెన్స్ పెట్టారు. నా కొటేషన్లో రంగు గడి మాత్రం ఇంకా ఖాళీగా ఉంది.